మగ్గం గుంతలో ఉప్పు

గద్వాలలో మమ్మల్ని 'సముద్రపోళ్లు' అని ఆటపట్టించేవాళ్లు. మాలో సముద్రాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేతగాళ్ల వీధిలో మావి నాలుగైదు గడపలే. పెళ్లిళ్లు కూడా మాలో మాకే.

ఎప్పుడో రాజుల కాలంలో మావాళ్లు కృష్ణా నది సముద్రంలో కలిసే చోట బట్టలు నేసేవాళ్లట. సముద్రం ఏటేటా ఒడ్డు కోసుకుంటూ లోపలికి వచ్చింది. బావులు ఉప్పయ్యాయి. కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంతల్లో చెమ్మ ఊరి పోగులు చివికిపోయాయి. వెనక్కి జరిగి కొత్త గుంత తవ్వితే అక్కడికీ వచ్చింది. చివరికి నదిని పట్టుకుని ఎగువకు నడిచారు. ఆగిన ప్రతిచోటా ఇంటి పెద్దామె చిటికెడు మట్టి నాలుక మీద వేసుకునేది. తియ్యగా ఉంటే మగ్గం దిగేది, ఉప్పగా ఉంటే మూట లేచేది. అలా తియ్యగా తగిలిన మట్టి గద్వాలది. మట్టి తియ్యగా ఉన్నంతకాలం ఇల్లు వదలకూడదని మా కట్టుబాటు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరకలేదు. నాయన ఖాళీ మగ్గం ముందు కూర్చోలేక కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగేవాడు. ఆయన్ని చూసి నాకూ ఒకచోట నిలవబుద్ధయ్యేది కాదు. షోలాపూర్ మిల్లుల్లో పని దొరుకుతుందని ఎవరో చెప్పాక ఆయనకు తిండి కూడా సహించలేదు.

"అమ్మా, జర మట్టి సూడు," అన్నాడు ఒకరోజు నాయనమ్మతో.

"మట్టికేమైంది? నేను కాపురానికొచ్చిననాడు మా అత్త సూసింది. తియ్యగనే ఉండె."

"ఇంకొకపారి సూడమ్మా. నాకీడ ఊపిరాడ్తలేదు."

నాయనమ్మ గుంతలోకి దిగి, గోటితో మట్టి గీకి నోట్లో వేసుకుంది. అమ్మ గిన్నెలు తోముతున్నదల్లా ఆగిపోయింది. పోవాలని నాయనకన్నా నాకే ఎక్కువ ఆశ.

"ఉప్పగున్నది కొడుకా," అంది. "మూట గట్టు."

నాయన ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు.

అందరూ సామాను సర్దుతుంటే నేను గుంతలోకి దూకి నాకి చూశాను. ఉప్పు లేదు, వట్టి మట్టి. ఎక్కడ ప్రయాణం ఆగిపోతుందోనని నోరు మూసుకున్నాను. నా నోరు అంతకుముందు ఎన్నడూ ఆగింది లేదు.

రాయచూరు దాకా బండి, అక్కడినుంచి రైలు. రైలు కృష్ణ వంతెన ఎక్కేసరికి ఇక పట్టలేకపోయాను. నాయన కునుకుతున్నాడు.

"నాయనమ్మా, గుంతల ఉప్పు లేకుండె. నేను సూసిన."

ఆమె కిందున్న నీళ్లకేసి చూసింది.

"సముద్రం కాడ ఉప్పు నిజమే బిడ్డా. ఆడికెల్లి గద్వాల దాక ఎన్నిపార్లు నిజమో నాకు తెల్వదు. కొడుకు కాలు నిలువక కొట్టుకుంటుంటే తల్లి ఏం జేస్తది?"

"మరి నీకెట్ల తగిలింది మట్టి?"

"బెల్లం లెక్క ఉండె," అని కొంగు ముఖం మీదికి లాక్కుంది.