పేరు వెతకడం మీద పేటెంటట!

ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని చెప్పుకుంటుంటాను. కేబుల్ వైర్లు లాగుతూ ఇంటర్నెట్ నేర్చుకుని, మేనత్త కొడుకుతో కలిసి మా జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్లకి వెబ్‌సైట్ పెట్టాను.

మా పేటలో సగంమంది ఆడవాళ్లది ఒకటే పేరు, అమ్మవారి పేరు. అందుకని ముందు పడవ పేరు తగిలించి పిలుస్తాం. ఒడ్డున అలా అడిగితే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. సైట్‌లోనూ అంతే. మా సైట్ పేరుకి ముందు పడవ పేరు కొడితే, అదెవరిదో మా కంప్యూటర్ వెతికి ఆమె పేజీ తెరుస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్లు దారిలోనే ఫోన్లో వంజరం చేప చెప్పేసేవాళ్లు. మోకాళ్లు అరిగిపోయిన మా మేనత్తకి గంపెత్తుకుని తిరిగే బాధ తప్పింది.

ఇంతలో పరదేశం కంపెనీ ఒకటి ఉత్తరం పంపింది. బావ చదివి నాతో అన్నాడు.

"బావా, మనం దొంగలమంట."

"ఏటి ఎత్తుకుపోనాం?"

"పేరు ముందర పేరెట్టి ఎతకడం. ఆళ్లే కనిపెట్టినారంట. పేటెంటుందంట."

"అలాగైతే ఊపిరి పీల్సడానికీ ఉంటాదేమో సూడు."

ఇంటర్నెట్‌లో ఎప్పట్నుంచో అందరూ చేసే పని అది. ఒళ్లు మండి, బావ చేత జవాబు రాయించాను: 'మీ కంపెనీ పుట్టకముందు నుంచీ మా పేటలో ఇదే చేస్తున్నాం. ఇప్పుడూ చేస్తున్నాం. రేపూ చేస్తాం.' చదివి హడలిపోతారనుకున్నాను. వాళ్ల లాయరు మొదటి మాట వదిలేసి, 'ఇప్పుడూ చేస్తున్నాం' అన్న ముక్క పట్టుకున్నాడు. చూడండి, నేరం ఒప్పుకున్నారని మా సైట్‌ని తమ కంప్యూటర్లలో ఉంచిన కంపెనీకి పంపాడు. అదీ ఆ దేశానిదే, మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా దాన్ని మూసేసింది. మన దేశంలో ఆ పేటెంటు చెల్లదని ఇక్కడి లాయరు చెప్పాడు. చెల్లకపోతే ఏం, తాళం సైట్ మూసినవాళ్ల దగ్గరుంది. మా సైట్ పేరు కూడా వాళ్ల గుప్పిట్లోనే, ఇంకోచోటికి మార్చుకోడానికి లేదు.

తెరవాలంటే ఒక కాగితం మీద సంతకం కావాలట. ఆ పద్ధతి పేటెంటు కంపెనీ సొత్తేనని, వాళ్ల అనుమతితో వాడుకుంటున్నామని.

సైట్ మూసిన అయిదో రోజు అత్త గంప దించి, మోకాలు పట్టుకుని అరుగు మీద కూలబడింది.

"సంతకం ఎట్టీరా."

"అబద్దం మీద ఎలాగెట్టమంతావత్తా?"

"నిజం సెప్పి మూయించినావు కదా. అబద్దం సెప్పి తెరిపించు. నా మోకాలికి రెండూ ఒకటే."

పెట్టాను. మర్నాడే సైట్ తెరుచుకుంది. అత్త ఇంటి దగ్గరే కూర్చుని చేపలు కోస్తోంది.

"పోన్లే బావా," అన్నాడు బావ.

ఏం పోనిస్తాం? ఇంకో ఊళ్లో నాలాంటి తిక్కవాడెవడో ఇదంతా దొంగమాటని ఎదురు తిరుగుతాడు. వాడి మొహాన కొట్టడానికి వాళ్ల దగ్గర ఇప్పుడు నా సంతకం ఉంది.