రోతో, రోతా

మా అన్న భీవండి నుంచి తిరిగివచ్చాక మా సిద్దిపేట ఇంట్లో పగలకుండా మిగిలిన వస్తువులు తక్కువ. అక్కడి మరమగ్గాల పని పోయింది, తాగుడు మిగిలింది. కూరలో ఉప్పు తగ్గితే పింగాణీ ప్లేటు గోడకు తగిలేది. ఒకరోజు అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. ఇంకోరోజు కన్నతల్లి అని చూడకుండా అవ్వ మీదికి కుర్చీ విసిరితే దాని కాలు విరిగింది. అవ్వ ముక్కలు ఊడుస్తూ, "వానికి మనసు మంచిగ లేదు బిడ్డా" అనేది.

నేను అప్పుడు ఫోన్‌లో స్పానిష్ క్లాసులు వింటున్నాను. ఆ భాష వస్తే ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఉందని స్నేహితురాలు చెప్పింది. దెబ్బతిన్న పార్సిళ్ల మీద ఫిర్యాదులు వినడం. అందుకే టీచర్ ఒక మధ్యాహ్నమంతా "రోతో" అనే మాట మీదే కూర్చోబెట్టింది. పగిలినదానికీ, విరిగినదానికీ, చిరిగినదానికీ అదొక్కటే మాట. ఆ భాషలో వస్తువుల పేర్లకూ ఆడా మగా ఉంటుంది: మగపదం పక్కన రోతో, ఆడపదం పక్కన రోతా.

"మీ ఇంట్లో పగిలినవి చూపిస్తూ చెప్పండి" అంది.

మిగతావాళ్లు ఇంకా వెతుక్కుంటున్నారు. నేను కెమెరా తిప్పితే చాలు. ప్లేటు, ప్లాతో రోతో. కుర్చీ, సియా రోతా. అద్దం, ఎస్పెహో రోతో. "మీ ఇల్లే పాఠ్యపుస్తకం" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వుకు పక్కగదిలోంచి అన్న లేచి వచ్చాడు.

"ఎవలతోని ఇకిలిస్తున్నవే?"

"క్లాసు అన్నా."

"నేను పలగ్గొట్టినయి అందరికి సూపెడుతున్నవా?"

ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాడు. నేను బయటికి ఉరకబోయాను. నా కుడిచెయ్యి ఇంకా తలుపు సందున దర్వాజ మీదే ఉంది. అతను అది చూశాడు. చూసే, తలుపును కాలితో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నేను అరుస్తుంటే ఇంకోసారి తన్నాడు.

దవాఖానలో డాక్టర్ చెయ్యి చూసి, "ఎట్ల విరిగిందమ్మా?" అని అడిగాడు.

"బాత్రూంల జారిపడ్డది సారూ" అంది అవ్వ, నేను నోరు తెరవకముందే.

"జారిపడలే సార్. మా అన్న విరగ్గొట్టిండు" అన్నాను.

అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది. డాక్టర్ ఇంకేమీ అడగకుండా పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లు అన్నను తీసుకుపోయారు, మర్నాడు వదిలేశారు. అప్పటికే నేను తొగుటలో మా చిన్నమ్మ ఇంటికి చేరాను. రమ్మంటే అవ్వ రాలేదు.

"వానికి బువ్వ ఎవలు పెడుతరు?" అంది.

చిన్నమ్మ ఫోన్‌లో మళ్లీ క్లాసుకు కూర్చున్నాను. పిండికట్టు చూసి టీచర్ ఏమైందని అడిగింది. మి మానో ఎస్తా రోతో, నా చెయ్యి విరిగింది, అన్నాను.

"రోతా. మానో చివర ఓ ఉన్నా అది ఆడపదమే."

సరిచేసుకుని అన్నాను. తర్వాత అడిగాను, "మేడం, మా అన్న విరగ్గొట్టాడు అని ఎలా అనాలి?"

టీచర్ ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చెప్పింది. మి ఎర్మానో మె రొంపియో లా మానో. మొదటిసారి అన్నప్పుడు రొంపియో దగ్గర తడబడ్డాను. నాలుగోసారికి నోరు తిరిగింది.