ధారూర్ వైపు అతుకు

ఇన్నేళ్లుగా ఒక్క మాట గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. అన్నం తింటాను, నిద్రపోతాను, పెళ్లిళ్లకు పోతాను. అది మాత్రం అక్కడే ఉంటుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇది చదివే నువ్వెవరో తెలియదు కాబట్టే నీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర. వికారాబాద్ నుంచి ధారూర్ దాకా ఫోన్ల కోసం ప్రయోగంగా భూమిలో గాజు తీగ వేస్తున్నారు. వెంట్రుకంత సన్నం. ఒక కొసలోంచి వెలుగు పంపితే, దారి పొడుగునా గాజు దాన్ని కొంచెం కొంచెం వెనక్కి చెదరగొడుతుంది. తిరిగొచ్చిన ఆ వెలుగును బట్టి తీగ ఎంత దూరంలో నలిగిందో, ఏ అతుకు చెడిందో యంత్రం చూపిస్తుంది. తెర మీద గీత నున్నగా దిగితే అంతా బాగున్నట్టు. మెట్టులా పడితే అక్కడ లోపం.

తీగ ముక్కల కొసలు కలిపి అతుకులు వేసే పని ఇద్దరిది. వికారాబాద్ వైపు నేను, ధారూర్ వైపు షహనాజ్. ఆమెకు పని నేర్పింది నేనే. రోజూ తాండూర్ నుంచి రైల్లో వచ్చేది. వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో దుమ్ము మింగి మంచాన పడ్డాడు. ఆమె జీతంతోనే ఇల్లు నడిచేది.

చివరి పరీక్ష వికారాబాద్‌లో చేశాం. మెట్టు కనిపించింది. దగ్గర్లోనే. జ్వరంతో, తొందరలో నేను వేసిన అతుకు. చూడగానే తెలిసిపోయింది. ఆ వారమే నన్ను పర్మినెంట్ చేసే కాగితం కదులుతోంది. యంత్రం చదవడం నాకొక్కడికే వచ్చు.

"ఎటు వైపు?" అని అడిగాడు అధికారి.

"ధారూర్ వైపు సార్."

ఎందుకన్నాను? భయమా? ఆ క్షణాన ఆమె ముఖం గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చినా అన్నాను.

మర్నాడు ఆమె అతుకు విప్పి మళ్లీ వేశాను. దానికి ఏ లోపమూ లేదు. తిరిగొస్తూ, నీళ్లు చేరాయేమో చూస్తానని చెప్పి నాది కూడా విప్పి మళ్లీ వేశాను. ఈసారి గీత నున్నగా వచ్చింది. ఆమె అతుకు మార్చాకే బాగైందనుకున్నారు; ఆమె తప్పు రుజువైపోయింది. పనిలోంచి తీసేశారు.

స్టేషన్ దాకా తోడు వెళ్లాను. అది కూడా చేశాను.

"అన్నా, నువ్వు తెర మీద చూసినవ్ గద. చెడిన అతుకు నాదేనా?"

"నీదేనమ్మా."

"జర మంచిగ యాద్ జేస్కో. నేను మస్తు పైలంగ జేసిన."

"నీదే."

ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. "గట్లయితే నా చేతులే మంచిగ లెవ్వు. నేర్పినందుకు నిన్ను బద్నాం జేసిన. మాఫ్ చెయ్యి అన్నా."

రైలొచ్చింది. ఎక్కింది.

చాలా ఏళ్లకు తాండూర్ బస్టాండ్‌లో నన్ను ఆమే గుర్తుపట్టింది. పక్కన ఎదిగిన కూతురు. "ల్యాబ్ పని నేర్చుకుంట అంటది అన్నా. వద్దన్న. సన్నపు పని మా చేతులకు రాదు" అంది నవ్వుతూ. ఆ పిల్ల తల వంచుకుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎదురుగా ఆగిన బస్సు ఎటు పోతుందో కూడా చూడకుండా ఎక్కేశాను.

ఆమె ఇల్లు ఎక్కడో తెలుసు. పోగలను. ఇప్పటిదాకా పోలేదు. పోతానని నీకు మాటిచ్చి మంచివాణ్ని అనిపించుకోవడం కూడా నాకిష్టం లేదు.

షహనాజ్ చేతుల్లో ఏ లోపమూ లేదు. చెడింది నా అతుకు. ఈ రెండు మాటలు ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది.