నార్మన్ లేని రెండు బ్యాండ్లు

నలభై ఏళ్ల రాక్ బ్యాండు ‘ఐరన్ లార్క్స్’ చీలిపోయింది. గాయకుడు డెరిక్ ఒక జట్టు కట్టాడు, గిటారిస్టు రెజ్ ఇంకొకటి. వారమంతా బస్సు నడిపి, శనివారాలు వాళ్లకు డ్రమ్స్ వాయించిన నార్మన్‌ను మాత్రం ఎవరూ పిలవలేదు. పత్రికలు ఈ చీలికను కళాత్మక విభేదం అన్నాయి. నేను ఇద్దరు ముసలాళ్ల పొగరంటాను.

ఇంగ్లండులోని బార్న్స్‌లీలో మా కార్మికుల క్లబ్బు కార్యదర్శి మావిస్ పత్రికలు చదవదు. రెండు జట్లూ ఒకటే అనుకుని ఒకే ఆదివారం మధ్యాహ్నం కచేరీకి రెండింటినీ పిలిచేసింది. అసలు లార్క్స్ మేమంటే మేమని డెరిక్, రెజ్ వేదిక కింద గంటసేపు కొట్లాడుకున్నారు. నార్మన్ మా జనం మధ్య కూర్చుని బీరు తాగుతున్నాడు.

“ఏమయ్యా, మీ తగువు తేలేసరికి ఇంటి దగ్గర ఓవెన్లో మాంసం మాడిపోతుంది!” అని మావిస్ అరిచింది. “నార్మన్, నువ్వు వేదిక ఎక్కవోయ్!”

“పాడేదెవరు?”

“నలభై ఏళ్లుగా మీ పాటలు వింటున్నాం. మాకు రావనుకున్నావా?”

నార్మన్ బీరు పక్కన పెట్టి, క్లబ్బు డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. డ్రమ్ము పుల్లలు నాలుగుసార్లు కొట్టి తాళం లెక్కపెట్టగానే క్లబ్బులోని మూడొందల గొంతులు ఒక్కసారిగా లేచాయి. రెండో పాటకు రెజ్ గిటారుతో వేదిక మెట్ల దగ్గరికొచ్చాడు, వెనకే డెరిక్.

“ఏ జట్టు తరఫునరా?” అని నార్మన్ వాయిస్తూనే అడిగాడు.

“నీ తరఫునేలే, ఎక్కనివ్వు,” అన్నాడు రెజ్.

“ఎక్కండి. లెక్క మాత్రం నేను పెడతాను.”