నాలుగో స్క్రూ

నా చిన్నప్పుడు ఒక్క స్క్రూ మూలంగా మా ఇంట్లో రెండు రోజులు ఎవరమూ సరిగ్గా అన్నం తినలేదు. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. వేలెడంత స్క్రూ ఊడి రాకపోతే మనిషికి ఎంత చిరాకు పుడుతుందో, ఆ చిరాకు ఎవరెవరి మీదికి పోతుందో, చూసినవాళ్లకే తెలుస్తుంది.

అప్పుడు మేం ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాన్న శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి ప్లాంటులో ఫిట్టరుగా కుదురుకున్నారు. ఆయన లెక్కలో లోకంలోని ఏ వస్తువుకైనా జబ్బులు రెండే. ఒకటి ఇనుము చాలకపోవడం, రెండోది బిగింపు చాలకపోవడం. అక్కకి పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేత్తో పిడి తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండి మీద ఇంటర్ కాలేజీకి వెళ్లేది. ఆ బండి ఇంటికి వచ్చిన వారానికే నాన్న సీటు కింద మందపాటి ఇనపపలక ఒకటి వెల్డింగు చేయించుకొచ్చారు. ఏనుగెక్కినా ఒంగదని వీధంతా తిరిగి చెప్పుకున్నారు. అక్క ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి బాగుందనే అనుకున్నాం.

తప్పు నాదే, దాచుకోవడం ఎందుకు. ఒక శనివారం పొద్దున అక్క స్నానానికి వెళ్లిన సమయం చూసి, పక్క క్వార్టర్సులోని ఇద్దరు స్నేహితురాళ్లని ఎక్కించుకుని బండి తీసుకుపోయాను. మా సెక్టార్ రోడ్డు వాలులో ముగ్గురం కేకలేస్తుంటే చైను టప్పున తెగింది. ముగ్గురం కలిసి బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. తెగిన చైను వంక చూసి, తల తిప్పుకుంది. ఆ తిట్టకపోవడానికే నాకు ఎక్కువ భయమేసింది.

ఎందుకంటే సోమవారం అక్కకి మొదటి పరీక్ష. పదో తరగతిలో ఇలాగే బండి పాడైతే నాన్న అక్కని భుజాన వేసుకుని పరీక్ష హాలుకి తీసుకెళ్లారు. వరండా పొడుగునా పిల్లలు పుస్తకాలు మూసి చూశారట. ఎవరో చప్పట్లు కూడా కొట్టారట, మెచ్చుకోలుగానే. ఆ రోజు రాసిన లెక్కల పరీక్ష అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. అప్పుడే అక్క ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు మళ్లీ గట్టిగా చెప్పింది.

"బండి బాగైతే ఎల్తాను. నేపోతే నేదు. నన్నెవులూ ఎత్తుకోవద్దు."

కొత్త చైను నాన్న దగ్గర ఉంది. అది వెయ్యాలంటే చైను మీది రేకు కవరు విప్పాలి. దానికి నాలుగు స్టార్ స్క్రూలు. మూడు పావుగంటలో ఊడొచ్చాయి. నాలుగోది సరిగ్గా ఆ ఇనపపలక వెనకపడింది. స్క్రూ తలకీ పలకకీ మధ్య సందు రెండు వేళ్లు కూడా లేదు. స్క్రూడ్రైవర్ నిలువుగా పట్టదు, ఏటవాలుగా పెడితే జారిపోతుంది. పలక కోయిద్దామంటే వెల్డింగు షాపువాళ్లు సోమవారం దాకా ఖాళీ లేదన్నారు. ఖాళీ ఉన్నా నాన్న కోయించేవారు కాదు, అది ఆయన పలక.

అలాంటి ఇరుకు సందులకి రాచెట్ కావాలి. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. దాని తలలో బిట్టు, అంటే స్క్రూ గాట్లో పట్టే చిన్న ముక్క, పెట్టుకుని పిడిని ఒక వైపు తిప్పితే స్క్రూ తిరుగుతుంది. వెనక్కి లాగితే స్క్రూ కదలదు, పిడి ఒక్కటే టకటకమంటూ వెనక్కి వస్తుంది. బిట్టుని తీసి మళ్లీ పెట్టే పని ఉండదు. నాన్న నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని ఆటోనగర్ వెళ్లారు. అక్కడ ఫిట్టర్లు రాచెట్ కొనే పద్ధతి ఒకటుంది. చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతారు. ఎంత గట్టిగా అరిస్తే అంత దిట్టమైందని నమ్మకం. నాన్న అర డజను తిప్పి చూసి, వాటిలో గయ్యాళిదాన్ని ఏరుకున్నారు. చేతిలో పెడితే పచ్చడి బండంత బరువుంది.

ఇంటికొచ్చి చూస్తే దాని తలకాయే సందులో దూరలేదు. నాన్న దూర్చారు. దూరనిదాన్ని దూర్చడం ఆయనకి అలవాటే. వేళ్ల మీద చర్మం లేచిపోయింది కానీ రాచెట్ లోపలికి పోలేదు. ఇక తిట్లు మొదలు. రేకు కవరు చేసినవాడిని, బండి ఇచ్చినవాళ్లని, నన్ను, నన్ను కన్నందుకు అమ్మని వరసగా తిట్టారు. అమ్మ ఆ రెండు రోజులూ మనుషులతో మాట్లాడలేదు, గిన్నెలతోనే మాట్లాడింది. అక్క మంచం మీద పుస్తకం తెరిచి కూర్చుంది. పేజీ తిప్పడం మాత్రం నేను చూడలేదు.

సాయంత్రం మళ్లీ ఆటోనగరే. ఈసారి ఎవరో చెబితే ఒక చాచా దుకాణానికి వెళ్లాం. ఆయన ఇల్లు వన్‌టౌన్‌లో. హార్బరుకి వచ్చే ఓడల నుంచి దిగిన పాత పనిముట్లు కొని, శుభ్రం చేసి అమ్మేవాడు. నాన్న రాచెట్ అడగగానే బయటికి తీస్తాడనుకున్నాను. ఆయన తియ్యలేదు. స్క్రూ ముందు జాగా ఎంతుంది అని అడిగాడు. తెలీదన్నాం. పిడి ఎంతమేర తిరుగుతుంది అన్నాడు. అదీ తెలీదు. మూడో ప్రశ్న వినగానే నాన్నకి ఒళ్లు మండింది.

"బండి తోలేది ఎవులు? ఆ మనిషేటి అంతంది?"

"దానికేటి తెలుస్తాది భాయ్. కాళ్లు నేని ఆడపిల్ల. నువ్వు రాచెట్టియ్యి."

"ఇస్తాను సాబ్. ఇంటికెల్లినాక దూరకపోతే తిట్టేది నన్నే కదా. ముందు జాగా కొలిసి తెండి."

అని వడ్రంగులు చెక్కలో పగుళ్లకి పెట్టే లప్పం, నిమ్మకాయంత ముద్ద ఒకటి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. సందులో నొక్కి, అచ్చు చెడకుండా తియ్యమన్నాడు. అంతే. దుకాణంలో గోడ నిండా రాచెట్లు వేలాడుతున్నాయి, మేము మాత్రం ఉత్త లప్పంతో ఇంటిముఖం పట్టాం. గాజువాక దాటేదాకా నాన్న గొణుగుతూనే ఉన్నారు, అమ్ముకోడం కూడా చేతకాని మనిషి దుకాణం ఎందుకు పెట్టాలని. నాకూ అలాగే అనిపించింది. ఒక రోజంతా పోయింది, చేతిలో ఉన్నది మట్టి లాంటి ముద్ద.

ఆదివారం పొద్దున నాన్న కింది నుంచి చెయ్యి పెడితే మణికట్టు దగ్గరే ఆగిపోయింది. నా చెయ్యి దూరింది కానీ, బయటికి తీసేటప్పుడు ముద్ద పలకకి అంటుకుని సాగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి నాకు ఏడుపొచ్చి ముద్దని నేలకేసి కొట్టాను. నాన్న నా వీపు మీద ఒకటి ఇచ్చారు. అప్పుడు మంచం మీంచి అక్క గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత గట్టిగా.

"నిన్నట్నించీ కొట్టుకు సత్తన్నారు. నన్నెవులైనా ఒక్క మాట అడిగేరా?"

అక్క మంచం దిగి, చేతుల మీద జరుగుతూ బండి దగ్గరికొచ్చింది. లప్పానికి చుట్టూ కొబ్బరినూనె రాసింది. బండి వంక చూడనైనా చూడకుండా, గోడ వైపు ముఖం పెట్టి, చేతిని కింది నుంచి కాకుండా ఎడమ చక్రం ఆకుల మధ్య నుంచి పోనిచ్చింది. ఆ దారి ఉందనే మాకు తెలీదు. ఒక్క నిమిషంలో ముద్ద బయటికి వచ్చింది, ఒక వైపు పలక గీత, ఇంకో వైపు స్క్రూ తల ముద్ర, చెక్కుచెదరలేదు. రెండేళ్లుగా ఆ చైనుకి నూనె వేసుకుంటున్నది ఆమే. ఆ ముద్దని టిఫిను డబ్బాలో పెట్టి, చాచా దుకాణానికి తనే వస్తానంది. నాన్న స్కూటర్ బయటికి తీశారు, అక్క చేతుల ఊతంతో తనే వెనక ఎక్కింది, నేను ముందు నిలబడ్డాను.

శుక్రవారం సెలవు పెట్టుకునే మనిషి కాబట్టి ఆదివారం చాచా దుకాణం తెరిచే ఉంది. చాచా అక్కని స్కూటర్ దిగమనలేదు. రాచెట్లన్నీ ఒక పళ్లెంలో పోసుకుని ఆయనే రోడ్డు మీదికి వచ్చాడు. లప్పం చూసి ముచ్చటపడ్డాడు. రాచెట్ తల మందం, బిట్టు పొడవు రెండూ కలిపినా ఈ ముద్ద కంటే తక్కువ ఉండాలన్నాడు. దాంతో పళ్లెంలో సగం పోయాయి. తర్వాత అక్క తన వేలు అడ్డంగా పెట్టి చూపించింది, పిడి అంతే తిరుగుతుంది, ఆపైన చక్రం ఆకు తగులుతుందని. చాచా పెద్దగా అరిచే రాచెట్ ఒకటి తీసి ఆ వేలిమేరే తిప్పాడు. చప్పుడు లేదు. లోపలి పళ్లు లావువి, ఒక పన్ను దాటేలోపే పిడి తిరగాల్సిన జాగా అయిపోతోంది. తర్వాత బొటనవేలంత రాచెట్ ఒకటి తీసి తిప్పాడు. పళ్లు సన్నం. ఆ కాస్తలోనే చిటచిటమని మూడుసార్లు పలికింది, పక్కనున్నవాళ్లకి వినపడనంత మెల్లగా.

"సూసేవా బేటీ. పెద్దగా అరిసేది పెద్ద జాగాలోనే పన్జేస్తాది."

అక్క దాన్ని తీసుకుని కళ్లు మూసుకుంది. దిశ మార్చే మీటని బొటనవేలితో అటూ ఇటూ నొక్కి చూసింది, లోపల కంటికి కనపడదు కదా. అది తప్ప ఇంకోటి ఒద్దంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటుగా చెవి దగ్గరికి తీసుకెళ్లబోయి ఆగారు.

స్క్రూ విప్పింది అక్కే. చాప మీద పక్కకి ఒరిగి, చెయ్యి చక్రం ఆకుల్లోంచి పోనిచ్చి, చిటచిట, చిటచిట. నాన్న రెండుసార్లు ఇలా ఇయ్యమన్నారు. అక్క ఇవ్వలేదు. అరగంట పట్టింది. స్క్రూ ఊడి నేల మీద పడ్డప్పుడు నాకు గట్టిగా అరవాలనిపించింది కానీ నాన్న ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన స్క్రూని చూడటం లేదు, అక్క చేతిని చూస్తున్నారు. మణికట్టు పైన గీతలు, పాతవీ కొత్తవీ. అవి మేమందరం చూసినవే. పిడి తిప్పడం వల్ల అనుకున్నాం.

"ఆ పలక నీకడ్డమేటే?"

"మొదట్నించీ అడ్డమే నాన్నా. నూనె ఏసినప్పుడల్లా గీరుకుంతాది."

"మరి సెప్పనేదేటి?"

"ఏనుగెక్కినా ఒంగదని ఊరంతా సెప్పుకుంతన్నావు. ఏటని సెప్పను?"

నాన్న పెరట్లోకి వెళ్లి పంపు కింద చేతులు చాలాసేపు కడుక్కున్నారు. మర్నాడు పొద్దున కొత్త చైను వేసిన బండెక్కి అక్క కూర్చుంటే, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, నేను పుట్టాక ఎప్పుడూ వినని మాట ఒకటి అడిగారు.

"ఎనకాల నాను రావొచ్చా?"

అక్క పిడి పట్టుకుని బండిని వీధి వైపు తిప్పింది. కాలేజీ గేటు దాకా రమ్మంది. గేటు దాకానే వెళ్లారు.

నాకు నాన్న కోపమే వచ్చింది, ఆయన చేతులే వచ్చాయి. ఎవరికైనా ఇబ్బంది అంటే చాలు, వెంటనే ఏదో ఒకటి తెచ్చి బిగించెయ్యాలనిపిస్తుంది. అడగాలన్న సంగతి తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. మర్చిపోయిన రోజులే ఎక్కువ, అబద్ధం ఎందుకు. పోయిన నెల మా ఆయన భుజం పట్టేసి చొక్కా తొడుక్కోలేక అవస్థ పడుతుంటే, ఆలస్యమైపోతోందని విసుక్కుంటూ చొక్కా లాక్కుని నేనే ఎక్కించబోయాను. సగంలో ఆగాను. చొక్కా పక్కన పెట్టి, చెయ్యి ఎక్కడిదాకా లేస్తోందని అడిగాను. ఆయన మెల్లగా చెయ్యి ఎత్తి చూపించారు. ఛాతీ దాకా కూడా రాలేదు.