తువ్వాల కప్పి ఇచ్చిన పెట్టె

నేను కొన్నది పాత హార్మోనియం. కొన్నాను అని గట్టిగా చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు కానీ, కొన్నమాట నిజం.

నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో పని నాది. పొద్దంతా నిలబడి చీరలు విప్పడం, మళ్లీ మడవడం. నచ్చిందో లేదో చెప్పేది కొనేవాళ్లు, ఎంతకివ్వాలో చెప్పేది సేటు. నా ఇష్టంతో ఎవరికీ పని లేదు. చిన్నప్పుడు మా వాడకట్టులోని చర్చిలో ఆదివారం పూట హార్మోనియం మోగుతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని వినేవాడిని. వాయించే ఆయన జాలిపడి నాలుగు పాటలు నేర్పాడు కూడా. అప్పటినుంచి నాకు ఒకటే కోరిక. నాకంటూ ఒక పెట్టె, దుకాణం నుంచి వచ్చాక నాకంటూ ఒక గంట. ఆ గంటసేపు పాత సినిమా పాటలు నాకోసం నేను వాయించుకోవాలి.

బోధన్ అవతల చెరుకు తోటల మధ్య ఒక ఊళ్లో భజన పెద్దమనిషి పెట్టె అమ్ముతున్నాడని తెలిసి బండి వేసుకుని పోయాను. మెట్లు పసుపెక్కాయి, తిత్తికి ఒకచోట అతుకు పడింది, గొంతు మాత్రం బంగారం. బేరమాడాలని సిద్ధపడి పోయినవాణ్ని. ఆయన ఆ అవకాశమే ఇవ్వలేదు.

"నీకు తోచింది ఇయ్యి బిడ్డా. తీస్కపో" అన్నాడు.

అప్పుడే అనుమానం రావాల్సింది. నాకు సంతోషం వచ్చింది.

ఇంతలో భజన మండలివాళ్లు వచ్చి పెట్టె ముందు కొబ్బరికాయ కొట్టారు. నా భుజాలమీద కొత్త తువ్వాల కప్పారు. టౌన్లో పెరిగినవాణ్ని కదా, సన్మానం అనుకున్నాను. ఫోటో తీయించుకుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. అదే ఫోటోను వాళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పంపారు, నా నంబరుతో సహా. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

వారం తిరగకముందే ఫోన్ వచ్చింది.

"అన్నా, మా బాపు పోయిండు. పెట్టె నీ తాననే ఉన్నదట గద. జర జల్ది రా."

పెట్టె అరువు కావాలేమో, ఇచ్చి వద్దామని పోయాను. శవం పక్కన చాప పరిచి నాకోసం చోటు ఉంచారు. సంగతి అక్కడ తెలిసింది. ఆ ఊళ్లలో శవం లేచేదాకా భజన సాగాలి. ఆ పెట్టె ఎవరి దగ్గరుంటే పిలుపు వాళ్లకే. తువ్వాల కప్పుకున్నవాడు రానని అనకూడదు. అంత ఏడుపు మధ్య, ఇది నేను సినిమా పాటలకు కొనుక్కున్నానని ఏ నోటితో చెప్పను? కూర్చుని వాయించాను.

ఆ తరువాత నిజాంసాగర్ కాలువ కింద ఎవరు కన్నుమూసినా నా ఫోనే మోగేది. బండ్లమీద వచ్చి నన్నూ పెట్టెనూ ఎక్కించుకుపోయేవాళ్లు. మా వాడంతా చూస్తూనే ఉంది. ఇంటికొచ్చాక పెట్టె ముట్టబుద్ధి అయ్యేది కాదు. సెలవు అడిగితే సేటు కళ్లజోడు తీసి, "ఇంకెంతమంది చుట్టాలు మిగిలిండ్రు నీకు? ముందే చెప్పు, ఇంకొకన్ని పెట్టుకుంట" అన్నాడు.

ఒకసారి కావాలనే ఫోన్ ఎత్తలేదు. మర్నాడు ఆ ఇంటి కొడుకు దుకాణానికే వచ్చాడు. "అవ్వను పాట లేకుంటనే సాగనంపినం, అన్నా" అని చెప్పి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. మళ్లీ ఎప్పుడూ ఫోన్ ఎత్తకుండా ఉండలేకపోయాను.

చివరికి పెట్టెను బండికి కట్టుకుని పెద్దమనిషి దగ్గరికే పోయాను. బర్రెకు గడ్డి వేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మనిషి తేలికపడి, నిగనిగలాడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నాకొద్దు బాపూ. నీ పెట్టె నువ్వే ఉంచుకో."

"వాపస్ తీస్కునే రివాజు లేదు బిడ్డా. నలుగుర్ల తువ్వాల కప్పుకున్నవ్. మల్ల ఇంకొకలు మనసుపడి అడిగేదాక నీదే. నేను గూడ గట్లనే ఎదురుసూసిన."

"ముందే చెప్పొద్దా మరి?"

"సెప్తే కొంటవా?"

ఎన్నాళ్లు ఎదురుచూశాడో అడగలేదు. వినడానికి భయమేసింది. తిరిగొచ్చి ఒక సంగీతం టీచరమ్మకు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. చెప్పకుండా అంటగడదామా అంటే, ఆయనను తిట్టుకున్న నోటితో ఆ పని చేయలేకపోయాను. మింగలేక కక్కలేక అలాగే ఉండిపోయాను.

మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ మోగలేదు. మా ఆవిడ పుట్టింటికి పోయింది. ఉండబట్టలేక పెట్టె తీసి, ఎన్నేళ్లుగానో దాచుకున్న ఒక పాట మొదలుపెట్టాను. బాగా వచ్చింది. చావు ఇళ్లలో వాయించీ వాయించీ చేయి తిరిగిందని ఒప్పుకోవాలి. చరణం దగ్గరికి వచ్చేసరికి నిజంగా హాయిగా ఉన్నాను.

గేటు చప్పుడైంది. పక్కింటి అక్క, బీడీలు చుట్టే చాట చేతిలో పట్టుకునే వచ్చేసింది.

"ఎవలు పోయిండ్రు తమ్మీ?"

"ఎవలు పోలేదక్కా. ఊకెనే వాయిస్తున్న."

ఆమె నా ముఖంలోకి చూసింది. లోపలి గదిలోకి తొంగిచూసింది.

"మరదలేది?"

"తల్లిగారింటికి పోయింది."

నమ్మలేదు. చాట కింద పెట్టి నా పక్కన కూర్చుంది. మెల్లగా వీపు నిమరసాగింది.

"కడుపుల దాసుకోకు తమ్మీ. ఏడ్వు" అంది.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది.