గేనర్ బ్యాండును చూసే డాక్టరు

గురువారం సాయంత్రం ఆరు కొట్టేసరికి చర్చి వెనక హాల్లో బల్లలన్నీ గోడకు నెట్టి, మధ్యలో తూకం యంత్రం పెట్టేవాళ్ళు. గ్రిమ్స్‌బీ రేవు వీధుల ఆడవాళ్ళకి వారానికొక పండగ అదే, వారానికొక కోర్టూ అదే. చెప్పులు విప్పేసి, కొందరైతే చెవిపోగులు కూడా తీసి చేతిలో పట్టుకుని, వరసలో నిలబడేవాళ్ళు. అక్కడొక పద్ధతుంది. బరువు తగ్గితే, ఈ తూకం క్లబ్బు నడిపే మాక్సీన్ ఆ అంకె గట్టిగా చదివేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. పెరిగితే పల్లెత్తు మాట అనేది కాదు. కార్డు మీద అంకె వేసి, పెదవి బిగించి, చేతికిచ్చేది. మాట రాకపోతే చాలు, హాలు మొత్తానికి అర్థమైపోయేది.

గేనర్ టాస్కర్ ఆరేళ్ళపాటు అలాంటి కార్డే పట్టుకుని ఇంటికెళ్ళింది.

ఆమె బడి క్యాంటీన్లో వడ్డించేది. పిల్లలు పళ్ళెం చాపి, "ఆంటీ, మాకేమైనా మిగిల్చావా?" అనేవాళ్ళు. గేనరూ వాళ్ళతోపాటు నవ్వి, ఇంకో గరిటె కస్టర్డ్ పోసేది. ఇంటికొస్తే మొగుడు క్లైవ్. చేపల శీతల గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు. కారెక్కిన ప్రతిసారీ అదే మాట. "కాస్త మధ్యకి జరుగు గేనర్, టైరు ఏడుస్తోంది." ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాటకి ఆమె ఏడవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

జుట్టు కత్తిరించుకునే చోట ఒక పాత పత్రిక వెనక అట్ట మీద ప్రకటన చూసింది. బెల్జియంలో ఆపరేషన్. పొట్ట పై భాగం చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తారు, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు హల్ అనే ఊళ్ళో ఫలానా హోటలుకి రమ్మన్నారు. వెళ్ళింది. బూడిదరంగు సూటు వేసుకున్న మనిషి ఒకడు తెర మీద బొమ్మలు చూపించాడు. మచ్చ పడుతుందా అని ఒకావిడ, వైన్ తాగచ్చా అని ఒకావిడ అడిగారు. గేనర్, "తగ్గినట్టు ఎన్నాళ్ళకి బయటికి తెలుస్తుంది?" అని అడిగింది. వెనక వరసలో ముసలావిడ ఒకతె, చూస్తే నర్సుగా చేసి మానేసిన మనిషిలా ఉంది, లేచి నిలబడింది.

"తర్వాత దాన్ని ఎవరు చూస్తారయ్యా?"

"తర్వాతేముందమ్మా, మేం ఉన్నాం కదా! ఓడెక్కితే రాత్రి నిద్రపోయి లేచేసరికి మా దగ్గరుంటారు."

అందరూ నవ్వారు. గేనరూ నవ్వింది. ఆ నర్సు కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

వాళ్ళమ్మ వదిలిపోయిన కారవాన్ సముద్రం ఒడ్డున ఉండేది. దాన్ని అమ్మేసింది. క్లైవ్‌కి చెప్పింది, క్లబ్బులో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. అక్కడ కత్తి పెట్టించుకున్నవాళ్ళని దొంగతూకం వాళ్ళనేవాళ్ళు. నోరు కట్టుకుని తగ్గితేనే తగ్గినట్టు లెక్క. అందుకని వాళ్ళ తాతమ్మ తమ్ముడు మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలో చనిపోయాడని, సమాధి చూడ్డానికి బస్సు యాత్రలో వెళ్తున్నానని చెప్పింది. ఆ మనిషి ఉన్నమాటా నిజం, పోయినమాటా నిజం. సమాధి ఏ ఊళ్ళో ఉందో మాత్రం ఆమెకి తెలియదు. వచ్చేటప్పుడు ఓడలో నాలుగు డబ్బాల చాక్లెట్లు కొంది, గుర్తుగా చూపించడానికి. అవి పంచుతుంటే మాక్సీన్, "నువ్వు తినవేమే?" అంది.

"ఆయన సమాధి చూశాక తినాలనిపించడం లేదు," అంది గేనర్. పొట్ట మీద ఐదు కుట్లు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి.

ఆ బ్యాండు సంగతి ఏమిటంటే, వేసి వదిలేస్తే పనిచెయ్యదు. చర్మం కింద బొత్తాంలాంటిది ఒకటి పెడతారు, దాంట్లోకి సూదితో ఉప్పునీళ్ళు ఎక్కిస్తే బ్యాండు బిగుస్తుంది, లాగేస్తే వదులవుతుంది. ఎప్పుడు ఎంతన్నది చూసే డాక్టరు ఒకడు కావాలి. మొదటి ఏడాది గేనర్ మూడుసార్లు ఓడెక్కింది. "మీ తాతయ్య నిన్ను లాగుతున్నాడే," అనేవాళ్ళు క్లబ్బులో. ప్రతిసారీ చాక్లెట్లు తెచ్చింది. ప్రతిసారీ పల్చబడి వచ్చింది.

గురువారాలు మారిపోయాయి. "గేనర్, నాలుగు పౌండ్లు తగ్గింది!" అని మాక్సీన్ అరిచేది. చప్పట్లు. రెండేళ్ళకి ఆమె ఫొటో హాలు గుమ్మంలో పెట్టారు, పాత ప్యాంటు నడుము దగ్గర పట్టుకుని, అందులో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ చూపిస్తూ. కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పమంటే ముందుకొచ్చి నిలబడి, "రొట్టె మానేశాను. ఆకలేస్తే ఆపిల్‌పళ్ళు తింటాను," అని చెప్పేది. రొట్టె మానేసిందన్నది అబద్ధం కాదు. మెత్తటి రొట్టె ముక్క బ్యాండు దగ్గర ఇరుక్కుంటే కళ్ళనీళ్ళొచ్చేవి. ఆపిల్‌పళ్ళు కొనుక్కుని ఎందరు ఆడవాళ్ళు ఆ చలికాలమంతా ఆకలితో పడుకున్నారో.

క్లైవ్ కూడా మారాడు. పబ్బుకి తీసుకెళ్ళేవాడు. "మా ఆవిడ. చూశారా?" అనేవాడు, కొత్త కారు చూపించినట్టు.

లింకన్‌లో జిల్లా పోటీ పెట్టారు, క్లబ్బులన్నిట్లోకీ బాగా తగ్గినావిడకి భుజం మీదుగా గెలుపు పట్టీ వేస్తారట. మాక్సీన్ గేనర్ పేరిచ్చింది. పోటీకి ఇంకా రెండు నెలలుందనగా గేనర్ మళ్ళీ ఓడెక్కి, ఇంకొంచెం బిగించమంది. సర్జన్ చాలన్నాడు. ఆమె బతిమాలింది. ఎక్కించాడు.

మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారం సూపు దిగడం మానేసింది. తర్వాత టీ. తర్వాత మంచినీళ్ళు గుక్క తాగినా సింకులో కక్కేది. పడుకుంటే పుల్లటి నురగ ముక్కులోకొచ్చేది, తలగడలు మూడు పెట్టుకుని కూర్చునే కునికేది. క్యాంటీన్లో తోటి మనిషి, "ఏం తింటున్నావే, మొహం వెలిగిపోతోంది?" అంది. అది నీరసం. బెల్జియంకి ఫోన్ చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది, కవరు మీద వాళ్ళ భాషలో ఏదో రాసుంది. లైబ్రరీలో పిల్ల ఒకతె చదివి పెట్టింది. "మూసేశారట ఆంటీ. ఇప్పుడు ఈ చిరునామాలో ఎవరూ లేరట."

పేట డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ముందు గాజు కిటికీ దగ్గర దేనికొచ్చారో చెప్పాలి. ఎవరికైనా అదే పద్ధతి. గాజు వెనక కూర్చునేది బ్రెండా. క్లబ్బులో రెండో వరసలో కూర్చునే బ్రెండాయే.

"చెప్పవే గేనర్, ఏమిటి విషయం?"

వెనక ఏడుగురు కుర్చీల్లో ఉన్నారు.

"పొట్టలో మంట."

"ఆపిల్‌పళ్ళు మరీ ఎక్కువ తిన్నావేమో!" బ్రెండా నవ్వింది. "పోటీ ముందు జబ్బు పడకు. మేం పందేలు కాశాం నీ మీద."

డాక్టరు లోపల ఏడు నిమిషాలు ఇచ్చాడు. కంప్యూటర్లో రాస్తే బ్రెండా చదువుతుందని గేనర్ అక్కడా నోరు విప్పలేదు. మంటకి తెల్లటి మందు రాశాడు. అది కూడా కక్కేసింది.

లీడ్స్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"బ్యాండు మేం వేసిందేనా అండీ?"

"కాదు."

"మేం వేసినవే చూస్తాం. బయటివాళ్ళని తీసుకోవాలంటే ఆపరేషన్ కాగితాలు కావాలి. ఏ కంపెనీ బ్యాండు, ఎన్ని నీళ్ళు పడతాయి, అన్నీ."

"కాగితాలు లేవు. నేను చించేశాను."

"ఎందుకండీ?" ఆ అమ్మాయి గొంతులో నిజంగానే ఆశ్చర్యం.

ఎందుకో ఎలా చెప్పాలి? మాక్సీన్ ఒకరోజు టీకి వస్తానంటే భయపడి, చించి చెత్తబుట్టలో వేసింది. షెఫీల్డ్‌కి చేసింది, నాటింగ్‌హామ్‌కి చేసింది. ఒకరు బయటివాళ్ళని తీసుకోం అన్నారు. ఇంకొకరు పేట డాక్టరు ఉత్తరం తెమ్మన్నారు. పేట డాక్టరు ఉత్తరం టైపు కొట్టేది బ్రెండా.

పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా మంగళవారం మధ్యాహ్నం క్యాంటీన్లో కళ్ళు తిరిగి కస్టర్డ్ గిన్నె మీద పడింది. ఆసుపత్రి అత్యవసర విభాగంలో కుర్ర సర్జన్ పొట్ట మీద చెయ్యిపెట్టి, ఆ బొత్తాం తగలగానే ఆగాడు.

"ఇదేంటమ్మా? ఎవరు వేశారు?"

చెప్పింది. చాలా రోజుల తర్వాత ఒక మనిషికి నిజం చెప్పడం అదే మొదటిసారి. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"దీన్ని చూస్తున్నది ఎవరు?"

"ఎవరూ లేరు."

అతను కాగితం మీద అదే రాసుకున్నాడు. దానికి కావలసిన సూది ఆ గదిలో లేదు, పై వార్డునుంచి తెప్పించాడు. "మొత్తం నీళ్ళు లాగేస్తాను. వెంటనే తాగింది గొంతు దిగుతుంది. బ్యాండు జారిందేమో ఎక్స్‌రే ఫొటో తీసి చూడాలి. జారితే పొట్టకి రక్తం ఆగిపోతుంది, ఆట కాదు."

అప్పటికి క్లైవ్ వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కోటు విప్పలేదు.

"మొత్తం లాగేస్తే మళ్ళీ ఊరిపోతుందా డాక్టర్?"

"ఆకలి వస్తుంది. రావాలి కూడా."

"శనివారం పోటీ ఉంది," అన్నాడు క్లైవ్. "కొంచెం ఉంచండి."

డాక్టరు అతనివైపు చూడలేదు. గేనర్ వైపు చూశాడు. "అది మీ పొట్టమ్మా. మీరు చెప్పండి."

గేనర్ తెర వైపు చూసింది. ఆ తెర అవతల ఎవరో దగ్గుతున్నారు. దాహంతో నాలుక అట్టలా ఉంది. ఒక్క మాట అంటే చాలు, గ్లాసు నీళ్ళు దిగుతాయి. శనివారానికి కుట్టించిన నీలం గౌను ఇంట్లో తలుపుకి వేలాడుతోంది. ఆరేళ్ళు చేతిలో పెట్టించుకున్న ఆ కార్డు, మాక్సీన్ బిగించిన పెదవి, కారు టైరు.

"సగం," అంది. "సగం చాలు డాక్టర్."

"ఫొటో?"

"సోమవారం వస్తాను."

అతను వద్దన్నాడు, ఇంకోసారి వద్దన్నాడు, చివరికి బాధ్యత ఆమెదేనని సంతకం పెట్టించుకున్నాడు. సగం లాగాడు. గ్లాసు నీళ్ళు ఇచ్చాడు. గుక్క గుక్కగా దిగాయి. అంత రుచి ఆమె జన్మలో ఎరగదు.

"చూశావా," అన్నాడు క్లైవ్ కారులో, "అయిపోయింది. దీనికింత గొడవ."

శనివారం లింకన్ హోటల్లో వేదిక మీద పన్నెండుమంది. గేనర్‌కే పట్టీ వేశారు. ముందు వరసలో బ్రెండా రెండు వేళ్ళతో ఈల వేసింది. ఫొటో తీసేటప్పుడు నవ్వమన్నారు. నవ్వుతూనే వంగిపోయింది. సంతోషం పట్టలేక వంగిందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

బ్యాండు జారింది. సగం బిగుతు దాని పని అది చేసింది. పొట్టలో మూడొంతులు నల్లబడి ఉంటే కోసి పారేశారు. బ్యాండునీ తీసేశారు. పదకొండు వారాలు ఆసుపత్రిలో ఉంది. మాక్సీన్ ఒక్కసారి వచ్చింది, పట్టీ వెనక్కి తీసుకెళ్ళడానికి.

"నియమాలే తల్లీ. రెండో ఆవిడకి ఇవ్వాలి," అంది. "నువ్వు మాకెంత అబద్ధం చెప్పావో నీకు తెలుసా? ఆడవాళ్ళు ఏడుస్తున్నారు."

గేనర్ ఇప్పుడు చెంచా చెంచాగా తింటుంది, రోజుకి ఏడుసార్లు. తిన్న అరగంటకి చెమటలు పట్టి గుండె దడదడలాడితే మంచమెక్కుతుంది. బడి పని పోయింది. ఆసుపత్రివాళ్ళు ఆర్నెల్లకోసారి రమ్మంటారు. ఈసారి చూసేవాళ్ళున్నారు. బరువు మాత్రం పెరగలేదు, పెరగదు కూడా. క్లైవ్ ఇప్పుడు పబ్బుకి ఒక్కడే వెళ్తాడు. ఎముకలతో ఎవడు కూర్చుంటాడన్నాడట.

క్లబ్బువాళ్ళు వీధిలో కనబడితే మొహం తిప్పుకుంటారు. అయినా ఒక్కొక్కరే వస్తున్నారు, పెరటి తలుపువైపునుంచి, పగలే, చేతిలో ఏదో డబ్బా పట్టుకుని. బ్రెండా కూడా వచ్చింది. కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకుని చూసింది.

"ఏమైనా అను, నువ్వు అదృష్టవంతురాలివే గేనర్. ఇక జన్మలో లావెక్కవు."

గేనర్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ డాక్టరు పోతే పోయాడు. అక్కడే ఇంకొకడున్నాడట కదా. ఊరి పేరేంటి?"

గేనర్ ఊరి పేరు చెప్పింది. బ్రెండా పాత రశీదు వెనక రాసుకుంది.

"విను బ్రెండా. వెళ్ళేముందు ఒక్కటి అడుగు. వేసిన తర్వాత ఇక్కడ ఎవరు చూస్తారో అడుగు. సూది ఎవరు పొడుస్తారో, కాగితాలు ఎవరి దగ్గరుంటాయో, రాసిమ్మను. అది తేలకుండా..."

"ఆ ఊరి పేరు చివర ఎన్ అక్షరాలు రెండా, ఒకటా?" అంది బ్రెండా, రశీదు వైపే చూస్తూ.